తెలుగులో నోటితో చెప్పి రాయించడం సరే, దిద్దడం ఎలా?

నమస్తే మేడమ్. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: గుంటూరులో ప్రాక్టీసు చేస్తున్నారు. ప్లెయింట్లు, అఫిడవిట్లు ఇంగ్లీషులో, క్రయ దస్తావేజులు, అగ్రిమెంట్లు తెలుగులో తయారు చేస్తారు. కుడి మణికట్టు నొప్పి వల్ల డాక్టరు గారు టైపింగ్ బాగా తగ్గించమన్నారు. గూగుల్ డాక్స్‌లో తెలుగు పెట్టి చెబుతుంటే మాటలు బాగానే పడుతున్నాయి గానీ ఫుల్‌స్టాపులు, కామాలు రావడం లేదు. "డిలీట్ లాస్ట్ వర్డ్" అంటే చెరపడం మానేసి ఆ మాటల్నే తెలుగు అక్షరాల్లో రాసేస్తోంది. డ్రాగన్ అనే డిక్టేషన్ సాఫ్ట్‌వేర్ కొంటే ఈ బాధ తీరుతుందా అని అడిగారు.

నాకు విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ సెంటర్ ఉంది. మా దగ్గర చాలా ఏళ్లుగా లాయర్ల పని, పుస్తకాల పని జరుగుతోంది. చేతులు నొప్పి అని వచ్చే ప్లీడర్లకు, రిటైరైన మేష్టర్లకు వాయిస్ టైపింగ్ దగ్గర కూర్చుని నేర్పుతుంటాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఒక సంగతి. మీ కంప్యూటర్‌లో గానీ మీ ఉచ్చారణలో గానీ తప్పేమీ లేదు. గూగుల్ 2017 ఆగస్టులో వాయిస్ టైపింగ్‌కు ఒకేసారి 30 భాషలు చేర్చింది, తెలుగు వాటిలో ఒకటి. అయితే అలా వచ్చింది మాటలు రాసే సదుపాయం మాత్రమే. చెరుపు, ఎంచుకో, బోల్డ్ చెయ్యి లాంటి ఆజ్ఞలు గూగుల్ డాక్స్‌లో ఇప్పటికీ ఇంగ్లీషుకే పరిమితం. అదీ మీ గూగుల్ అకౌంటు భాష, డాక్యుమెంటు భాష రెండూ ఇంగ్లీషులో ఉన్నప్పుడే పనిచేస్తాయి. విరామచిహ్నాలు నోటితో చెప్పి పెట్టించడం ఇంగ్లీషుతో పాటు మరికొన్ని యూరప్ భాషలకు ఉంది, తెలుగుకు లేదు. మీరు తెలుగు ఎంచుకున్నారు కాబట్టి "డిలీట్ లాస్ట్ వర్డ్" అన్నది కూడా దానికి రాయాల్సిన మాటలాగే వినిపించింది.

అందుకని నేను అందరికీ చెప్పేది ఒక్కటే. తెలుగులో చెప్పడం ఒక పని, దిద్దడం వేరే పని. రెండింటినీ కలిపి చేయొద్దు. చెప్పేటప్పుడు తప్పు పడినా ఆగకుండా చివరిదాకా చెప్పేయండి. తర్వాత దిద్దడానికి వేరుగా కూర్చోండి. నాలుగు మాటలు చెప్పి, ఆపి, మౌస్ పట్టుకుని దిద్ది, మళ్లీ చెప్పేవాళ్లకు చేయి నొప్పి తగ్గదు, పనీ తెమలదు.

ఆగకుండా చెప్పమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ సాఫ్ట్‌వేర్ ఒక్కో మాటను విడిగా వినదు, ముందూ వెనకా ఉన్న మాటలు చూసి ఏది పొసుగుతుందో తేల్చుకుంటుంది. "పలు" అన్నారా "పాలు" అన్నారా అన్నది పక్క మాటను బట్టే దానికి తెలుస్తుంది. పూర్వం వచ్చిన డిక్టేషన్ ప్రోగ్రాముల్లో మాటకీ మాటకీ మధ్య ఆగి చెప్పాల్సి వచ్చేది. 1997లో డ్రాగన్ నేచురల్లీ స్పీకింగ్ వచ్చాక మామూలుగా మాట్లాడినట్టు చెప్పే వీలు దొరికింది. కానీ మనవాళ్లలో చాలామంది ఇప్పటికీ మైకు ముందు కూర్చోగానే చిన్నపిల్లలకు డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కో మాటా విడగొట్టి, గట్టిగా చెబుతారు. దాంతో తప్పులు పెరుగుతాయి. పూర్తి వాక్యం ముందు మనసులో అనుకుని, కోర్టులో జడ్జి గారికి ఎలా చెబుతారో అంత స్పష్టంగా, అదే వేగంతో చెప్పండి.

ఇక ఫుల్‌స్టాపులు. దీనికి మా సెంటర్లో వాడే ఉపాయం ఉంది. దస్తావేజులో ఎప్పటికీ రాని మాటను ఒక్కో గుర్తుకు పెట్టుకుంటాం. వాక్యం అయిన చోట "మొసలి" అంటాం, కామా కావాల్సిన చోట "తాబేలు" అంటాం, కొత్త పేరా దగ్గర "తిమింగలం" అంటాం. అంతా చెప్పాక ఆ ఫైలును వర్డ్‌లో తెరిచి, కంట్రోల్ హెచ్ నొక్కితే వచ్చే ఫైండ్ అండ్ రిప్లేస్‌లో, ఖాళీతో సహా "మొసలి" ఉన్న చోటల్లా చుక్క పెట్టమంటాం. పేరా కోసమైతే రిప్లేస్ గడిలో క్యారెట్ గుర్తు (^), దాని పక్కనే ఇంగ్లీషు చిన్న పీ అక్షరం కొడితే ఆ మాట ఉన్న ప్రతి చోటా పేరా విరుగుతుంది. "పూర్ణవిరామం" అనే పెట్టుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. సాఫ్ట్‌వేర్ దాన్ని ఒకసారి కలిపి, ఒకసారి విడదీసి రాస్తుంది, అప్పుడు రిప్లేస్‌లో సగం మిగిలిపోతాయి. చిన్నగా, ఎప్పుడూ ఒకేలా పడే మాటే కావాలి. పదిసార్లు చెప్పి చూసుకుని ఖాయం చేసుకోండి. తిమింగలం మీ దగ్గర తిమింగిలం అని పడుతుంటే వేరే మాట ఎంచుకోండి.

ఎంచుకునేటప్పుడు మన ఊళ్ల పేర్లు, ఇంటి పేర్లు గుర్తుంచుకోండి. "సింహం" పెట్టుకున్నారనుకోండి, నరసింహం గారి పేరు మధ్యలో విరిగిపోతుంది. "నెమలి" పెట్టుకుంటే తుళ్లూరు దగ్గరి నెమలికల్లు ముక్కలవుతుంది. "ఏనుగు" ఇంటి పేరు ఉన్నవాళ్లు ఉన్నారు. పండ్ల పేర్లు అసలే వద్దు, తోటల దస్తావేజుల్లో దానిమ్మ, బొప్పాయి వస్తూనే ఉంటాయి. ఈ మూడు నాలుగు రిప్లేస్‌లను కలిపి వర్డ్‌లో ఒక మాక్రోగా రికార్డు చేసి పెట్టుకుంటే ఒక్క మీటతో అన్నీ మారిపోతాయి. మాక్రో రికార్డు చేయడం ఎవరైనా ఒకసారి పక్కన కూర్చుని చూపిస్తే చాలు.

దిద్దడం దగ్గరికి వద్దాం. మీది విండోస్ 11 అయితే అందులోనే వాయిస్ యాక్సెస్ అని ఒకటి ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో స్పీచ్ దగ్గర ఆన్ చేసుకోవచ్చు. దానికి తెలుగు రాదు. కానీ కర్సర్ కదపడానికి, మాటలు ఎంచుకోవడానికి, చెరపడానికి ఇచ్చే ఆజ్ఞలు ఇంగ్లీషులో ఉంటే చాలు, పేజీ మీద ఉన్నది తెలుగైనా దానికి ఇబ్బంది లేదు. "సెలెక్ట్ ప్రీవియస్ టూ వర్డ్స్" అంటే కర్సర్‌కు ముందున్న రెండు మాటలు ఎంచుకుంటుంది. "డిలీట్ దట్" అంటే చెరుపుతుంది. "అన్‌డూ దట్" అంటే వెనక్కి తెస్తుంది. మెనూలో ఏదైనా నొక్కాలంటే "షో నంబర్స్" అనండి. తెర మీద నొక్కదగ్గ ప్రతి చోటా ఒక అంకె కనిపిస్తుంది, ఆ అంకె చెబితే అక్కడ క్లిక్ అవుతుంది. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు మౌస్ తప్పించడం కీబోర్డు తప్పించినంత ముఖ్యం. చాలామంది టైపింగ్ మానేసి మౌస్ మాత్రం రోజంతా పట్టుకుంటారు.

అలా దిద్దేటప్పుడు దాన్ని "కమాండ్స్ మోడ్"లో పెట్టండి. లేకపోతే పక్కన గుమాస్తాతో మీరు అన్న మాటలు కూడా ఇంగ్లీషులో దస్తావేజులోకి ఎక్కుతాయి. ఫోన్ వస్తే "వాయిస్ యాక్సెస్ స్లీప్" అనండి, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు "వాయిస్ యాక్సెస్ వేక్ అప్". తెలుగులో చెప్పే పని నడుస్తున్నప్పుడు దీన్ని పూర్తిగా ఆపేయండి. రెండూ ఒకే మైకును వింటుంటే గందరగోళం తప్పదు.

వాయిస్ యాక్సెస్‌లో లాయర్లకు అన్నిటికంటే పనికొచ్చేది వాయిస్ షార్ట్‌కట్స్. మీరు ఒక ఇంగ్లీషు మాట పెట్టి, అది అనగానే ఫలానా పేరా అతికించమని చెప్పి ఉంచొచ్చు. ఆ పేరా తెలుగులో ఉండొచ్చు. క్రయ దస్తావేజులో సగానికి పైగా ఎప్పుడూ ఉండే మాటలే కదా. "సర్వహక్కు భుక్తములతో", "పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించుకొనునట్లు" లాంటి దస్తావేజు భాష ఈ సాఫ్ట్‌వేర్‌కు సరిగ్గా అందదు, ఎందుకంటే అది నేర్చుకున్నది ఇప్పటి వాడుక మాటల నుంచి. ప్రతిసారీ చెప్పి ప్రతిసారీ దిద్దేకంటే, తప్పుల్లేని మూస ఒకటి తయారు చేసుకుని "సేల్ డీడ్ స్టార్ట్" అనగానే వచ్చేలా పెట్టుకోండి. అప్పుడు మీరు నోటితో చెప్పాల్సింది ఆ కక్షిదారులకు సంబంధించిన నాలుగైదు పేరాలే. మా దగ్గర నేర్చుకున్న ప్లీడర్లలో పని నిజంగా తేలికైనవాళ్లంతా ముందుగా ఈ మూసల పని పూర్తి చేసుకున్నవాళ్లే.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన చోటు చెబుతాను: షెడ్యూలు. హద్దులు, సర్వే నంబర్లు, విస్తీర్ణం. తెలుగు వాయిస్ టైపింగ్ బాగా తప్పేది ఇక్కడే, తప్పితే నష్టం జరిగేదీ ఇక్కడే.

ఉదాహరణకు ఇలా చెప్పారనుకుందాం: "తూర్పు ఫలానా వారి పొలం, దక్షిణం డొంక, పడమర పంట కాలువ, ఉత్తరం సర్కారు పోరంబోకు." మీకూ నాకూ డొంక అంటే పొలాల మధ్య బాట. సాఫ్ట్‌వేర్‌కు అంతకంటే ఎన్నోసార్లు ఎదురైన మాట "దొంగ". "దక్షిణం దొంగ" అని పడే ప్రమాదం ఉంది. అక్షర దోషాలు పట్టే ప్రోగ్రాముకు కూడా ఇది దొరకదు, ఎందుకంటే దొంగ అనేది సరైన తెలుగు మాటే. వాయిస్‌తో వచ్చే తప్పులన్నీ ఇలాగే ఉంటాయి. చేత్తో టైపు చేస్తే అక్షరం తప్పి కంటికి ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. నోటితో చెబితే ఒక మంచి మాట బదులు ఇంకో మంచి మాట వచ్చి కూర్చుంటుంది, చూపు దాని మీదుగా జారిపోతుంది. అందుకే వాయిస్‌తో రాసినదాన్ని కంటితో ఒకసారి చూసి సంతకానికి పంపకండి.

అంకెల సంగతి ఇంకా చిక్కు. "రెండు వందల పద్నాలుగు బై రెండు ఏ" అంటే ఒకసారి అంకెల్లో రాస్తుంది, ఒకసారి మాటల్లో రాస్తుంది, ఒకసారి సగం సగం రాస్తుంది. "బై" అన్నది గీతగా మారొచ్చు, మాటగానే ఉండిపోవచ్చు. "ఎకరం ముప్పై ఆరు సెంట్లు" అన్నప్పుడు "ఎకరం" మింగేస్తే ముప్పై ఆరు సెంట్లే మిగులుతాయి. నా సలహా కచ్చితంగా ఒక్కటే: అంకెలు చేత్తోనే కొట్టండి. డాక్టరు గారు టైపింగ్ తగ్గించమన్నారు కదా, ఆ మిగిలిన కాస్త టైపింగ్ ఇక్కడ ఖర్చు పెట్టండి. పక్కన అక్షరాల్లో రాసే విస్తీర్ణం, ప్రతిఫలం మొత్తం మాత్రం నోటితో చెప్పొచ్చు, ఎందుకంటే తెలుగు మాటలుగా అవి బాగానే పడతాయి. అంకె చేత్తో, అక్షరం నోటితో రాస్తే ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చి సరిచూసుకునే వీలు కూడా ఉంటుంది. చెప్పేటప్పుడు అంకె రావాల్సిన చోట "గ్యాప్" అనో ఇంకేదో ఒక గుర్తు మాట పెట్టి ముందుకు వెళ్లిపోండి, తర్వాత ఆ మాట వెతుక్కుంటూ నింపుకోవచ్చు.

పేర్లకు కూడా ఇదే పద్ధతి. అమ్మేవారు, కొనేవారు అనే చెప్పుకుంటూ వెళ్లి చివర్లో రిప్లేస్ చేయండి. పేరు ఒక్కసారి సరిగ్గా కొడితే దస్తావేజు మొత్తంలో ఒకేలా ఉంటుంది. ఒక చోట "వెంకటేశ్వర్లు", ఇంకో చోట "వెంకటేశ్వరరావు" అని పడి, ఆధార్‌తో పొసగక రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోయే టెన్షన్ ఉండదు.

ఇంగ్లీషు డ్రాఫ్టుల విషయంలో మీకు చాలా వెసులుబాటు ఉంది. గూగుల్ డాక్స్‌లో అకౌంటు భాష, ఫైల్ మెనూలోని లాంగ్వేజ్ రెండూ ఇంగ్లీషు చేసి, టూల్స్‌లో వాయిస్ టైపింగ్ తెరిచి, మైకు బొమ్మ మీద "ఇంగ్లీష్ ఇండియా" ఎంచుకోండి. అమెరికా ఇంగ్లీషు పెట్టి మన ఉచ్చారణతో చెప్పి తప్పులొస్తున్నాయని బాధపడేవాళ్లను చాలామందిని చూశాను. తర్వాత ఇలా చెప్పండి: "ఐ కామా ది డిపోనెంట్ హియరిన్ కామా డూ హియర్‌బై సాలెమ్లీ అఫర్మ్ అండ్ స్టేట్ యాజ్ ఫాలోస్ న్యూ పారాగ్రాఫ్." అన్నీ గుర్తులతో సహా పడతాయి. ఆజ్ఞ ఇచ్చే ముందు క్షణం ఆగండి, ఇచ్చాక క్షణం ఆగండి. అప్పుడే అది ఆజ్ఞ అని దానికి తెలుస్తుంది. "సెలెక్ట్ పారాగ్రాఫ్", "బోల్డ్", "డిలీట్ లాస్ట్ వర్డ్", "గో టు ఎండ్ ఆఫ్ లైన్", "ఇన్‌సర్ట్ టేబుల్ త్రీ రోస్ బై ఫోర్ కాలమ్స్" ఇవన్నీ పనిచేస్తాయి. ఎవరైనా గదిలోకి వస్తే "స్టాప్ లిజనింగ్", వాళ్లు వెళ్లాక "రెజ్యూమ్". మొత్తం జాబితా కావాలంటే "వాయిస్ కమాండ్స్ లిస్ట్" అనండి, పక్కన తెరుచుకుంటుంది. మీకు మైక్రోసాఫ్ట్ 365 చందా ఉంటే వర్డ్‌లో హోమ్ ట్యాబ్ మీద ఉండే డిక్టేట్ కూడా ఇలాంటి పనే చేస్తుంది.

డ్రాగన్ గురించి. దానికి తెలుగు లేదు. మీ పనిలో తెలుగు దస్తావేజులే ఎక్కువైతే కొనకండి. రోజంతా ఇంగ్లీషు డ్రాఫ్టింగే అయితే మాత్రం అది వేరే స్థాయి. దాని పదకోశంలో మీ కక్షిదారుల పేర్లు, ఊళ్ల పేర్లు మీరే చేర్చుకోవచ్చు, ఎలా పలుకుతారో నేర్పవచ్చు. ఫలానా మాట నుంచి ఫలానా మాట దాకా ఎంచుకో అని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. డ్రాగన్ తయారు చేసే న్యూయాన్స్ కంపెనీని 2022లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. ముందు ఒక నెల వాయిస్ యాక్సెస్‌తోనే ఇంగ్లీషు పని చేసి చూడండి, డబ్బేమీ పెట్టక్కర్లేదు. అది చాలకపోతే అప్పుడు ఆలోచించవచ్చు.

మైకు మీద మాత్రం డబ్బు పెట్టండి. ల్యాప్‌టాప్‌లో ఉండే మైకు మన ఎండాకాలంలో పనికిరాదు. ఫ్యాను చప్పుడు, కూలరు చప్పుడు, కిటికీ అవతల ఆటోల హారన్లు అన్నీ మీ గొంతుతో సమానంగా వింటుంది. యూఎస్‌బీ వైరుతో వచ్చే హెడ్‌సెట్ తీసుకోండి. మైకు సరిగ్గా నోటి ఎదురుగా కాకుండా పెదవుల పక్కన రెండు వేళ్ల దూరంలో ఉండాలి, అప్పుడు ఊపిరి చప్పుడు పడదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పాటలకు బాగుంటాయి గానీ వాటి మైకు వాడేటప్పుడు ధ్వని నాణ్యత పడిపోతుంది. హెడ్‌సెట్ వచ్చేదాకా ఫోన్ వాడుకోండి. ఫోన్‌లో గూగుల్ డాక్స్ తెరిచి జీబోర్డు (గూగుల్ కీబోర్డు యాప్) మైకుతో తెలుగులో చెబితే, అదే ఫైలు కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది.

గొంతును కూడా చూసుకోవాలి. చేతి నొప్పి తగ్గించుకోబోయి గొంతు పాడుచేసుకున్నవాళ్లు ఉన్నారు. గట్టిగా మాట్లాడితే బాగా వింటుందన్నది అపోహ. మామూలు గొంతుతో చెప్పండి, పక్కన నీళ్లు పెట్టుకోండి, పొద్దున కోర్టుకు వెళ్లే ముందు కొంత, సాయంత్రం కొంత చేయండి.

మీ వృత్తికి సంబంధించి ఇంకో ముఖ్యమైన విషయం. గూగుల్ డాక్స్ వాయిస్ టైపింగ్‌లో మీ గొంతు ఇంటర్నెట్ మీదుగా కంపెనీ సర్వర్లకు వెళ్లి, అక్కడ అక్షరాలుగా మారి వస్తుంది. విండోస్ కీ, హెచ్ కలిపి నొక్కితే వచ్చే వాయిస్ టైపింగ్ కూడా ఇంటర్నెట్ మీదే నడుస్తుంది. కక్షిదారు మీకు నమ్మి చెప్పిన సంగతుల గోప్యత గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. వాయిస్ యాక్సెస్ అలా కాదు, భాష ఫైలు ఒకసారి దించుకున్నాక అంతా మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది. కాబట్టి నోటీసులు, కుటుంబ తగాదాలు, క్రిమినల్ కేసుల లాంటి సున్నితమైన ఇంగ్లీషు డ్రాఫ్టులు దానితో చేయండి. తెలుగులో ఆన్‌లైన్ వాయిస్ వాడాల్సి వచ్చినప్పుడు అసలు పేర్లు, ఆధార్ నంబర్లు, డోర్ నంబర్లు నోటితో చెప్పకండి. పైన చెప్పిన పద్ధతిలో పేర్లూ అంకెలూ చివర్లో చేత్తో నింపుకుంటారు కాబట్టి మైకు ముందు చెప్పేదాంట్లో అవి ఎలాగూ ఉండవు. గూగుల్ డాక్స్‌లో కాకుండా మీ కంప్యూటర్‌లో దాచుకున్న కాపీలోనే నింపండి.

సరిచూసేటప్పుడు చెవిని వాడుకోండి. ఎడ్జ్ బ్రౌజర్‌లో రీడ్ ఎలౌడ్ ఉంది, తెలుగు గొంతులు కూడా ఉన్నాయి. ఆ గొంతులు కూడా ఇంటర్నెట్ మీదే నడుస్తాయి కాబట్టి పేర్లు నింపకముందే వినండి. కంటికి దొరకని "దక్షిణం దొంగ" చెవికి వెంటనే దొరుకుతుంది. పేర్లు, అంకెలు నింపాక షెడ్యూలు పేజీని మాత్రం పాత లింకు దస్తావేజు (ఆ ఆస్తి ఇంతకుముందు చేతులు మారినప్పటిది) పక్కన పెట్టుకుని మీ గుమాస్తా చేత పైకి చదివించండి.

దస్తావేజులు కాకుండా మీరు పుస్తకమో కరపత్రమో అచ్చుకు ఇవ్వాల్సి వస్తే ఒక మాట గుర్తుంచుకోండి. వాయిస్‌తో వచ్చే తెలుగు యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతిలో ఉంటుంది. ఇక్కడి ప్రెస్సుల్లో చాలా చోట్ల ఇప్పటికీ యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లే నడుస్తున్నాయి. వాళ్లు కన్వర్టర్‌తో మార్చుకుంటారు గానీ, మార్చాక "లక్ష్మి", "రాష్ట్రం" లాంటి వత్తు మీద వత్తు ఉన్న మాటలు, ఇంగ్లీషు అక్షరాలు కలిసిన చోట్లు ప్రూఫులో విడిగా చూడమని చెప్పండి. మాక్రో రికార్డు చేయడంలో ఇబ్బంది పడితే మీ వర్డ్ ఏ వెర్షనో రాయండి, అది చూసి ఎలా చేయాలో వివరంగా చెబుతాను.